రోలండ్ యూఎం-వన్ ఎంకే2: పాత కీబోర్డు ఉన్నవాళ్లకు నా సలహా ఇదే

అనంతపురంలో మా మేడమీది గదిలో భజన పాటలకు ట్రాకులు కట్టుకుంటుంటాను. నా కీబోర్డు పాతది. యూఎస్‌బీ లేదు, వెనక ఐదు పిన్నుల మిడి (వాయించిన స్వరాల సమాచారాన్ని పంపే పద్ధతి) సాకెట్లే ఉన్నాయి. ముందు వాడిన పేరులేని చవక కేబుల్‌తో వేగంగా వాయిస్తే కొన్ని స్వరాలు ఆగకుండా మోగుతూనే ఉండేవి. ఆ మిడి సాకెట్లను కంప్యూటర్ యూఎస్‌బీకి కలిపే ఈ రోలండ్ కేబుల్, యూఎం-వన్, వచ్చాక ఆ టెన్షన్ పోయింది.

దీని మీద చిన్న స్విచ్ ఉంటుంది. ఐప్యాడ్‌కైతే ట్యాబ్ వైపు, డ్రైవర్ (దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకున్న కంప్యూటర్‌కైతే రెండో వైపు. మిడి ఇన్ ప్లగ్గును కీబోర్డు అవుట్‌లో పెట్టాలి. కొత్తవాళ్లు ఇన్‌ను ఇన్‌లోనే పెట్టేసి, వస్తువు పాడైందనుకుంటారు. కీ నొక్కగానే దాని లైటు మిణుక్కుమంటే సిగ్నల్ అందుతున్నట్టే.

దీంట్లోంచి శబ్దం రాదు. ఏ కీ నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్న సమాచారమే వెళ్తుంది. గొంతు కూడా రికార్డు చేయాలంటే మైకు, మిడి రెండూ పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌కు పంపే పెట్టె) బెహ్రింగర్ యూఎంసీ204హెచ్‌డీ నయం. అలాంటి పెట్టెలే అయినా ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, 2ఐ2లకు మిడి సాకెట్లు లేవు. మీ కీబోర్డుకు కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ పోర్టు ఉంటే మాత్రం మిడి కోసం ఏదీ కొనకండి, చాలావాటికి మామూలు ప్రింటర్ కేబుల్ సరిపోతుంది.