ఏడు గుంతల పోత ఇనుము పొంగనాల పెనం: ఐదేళ్ల వాడకం తర్వాత

పొంగనాల పెనం పోత ఇనుముది కొనాలా, నాన్‌స్టిక్‌ది కొనాలా అంటే నేను సూటిగానే చెబుతాను: చిన్నపిల్లలున్న ఇంటికి ఏడు గుంతల పోత ఇనుముదే మంచిది. కాకపోతే మొదటి నెల ఓపిక పట్టాలి, నడిమి గుంత తీరు తెలుసుకోవాలి. ఆ రెండూ తెలియకే చాలా ఇళ్లలో ఈ పెనం నాలుగు వాయిలకే అటకెక్కుతుంది.

మేం వాడేది చుట్టూ ఆరు, నడుమ ఒకటి గుంతలున్న పెనం. అడ్డంగా 21 సెంటీమీటర్లు, ఒక్కో గుంత 5 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల లోతు. మూత లేకుండా 2 కిలోల 300 గ్రాములు తూగుతుంది. రెండు పక్కలా ఇనుప చెవులే, చెక్క పిడి లేదు. వారానికి మూడు నాలుగు సార్లు పొయ్యి ఎక్కుతుంది. మొదటి రెండున్నరేళ్లు దీనితోపాటు పన్నెండు గుంతల నాన్‌స్టిక్ కూడా వాడాం కాబట్టి రెండింటి మంచీ చెడూ తెలిశాయి.

రాయలసీమలో గుంత పొంగనాలు, కోస్తాలో గుంట పునుగులు, తమిళంలో పణియారం, కన్నడంలో పడ్డు అంటారు. పేరేదైనా పిల్లల విషయంలో దీని బలం ఆకారంలోనే ఉంది. దోసెను తుంచుకోవడం మూడేళ్ల బిడ్డకు చేతకాదు, ఇడ్లీ పొడిపొడిగా రాలిపోతుంది. పొంగనం పిడికిట్లో ఇమిడిపోతుంది. పైన కరకర, లోపల మెత్తన. తురిమిన క్యారెట్టు, సొరకాయ, పాలకూర అన్నీ లోపల కలిసిపోతాయి. మూడో రోజుకు పులిసి, ఇడ్లీకి పనికిరాని పిండి కూడా ఇందులో చెల్లిపోతుంది.

కొత్త పెనం గురించి ముందు చెప్పాలి. దుకాణంలో తుప్పు పట్టకుండా పూసిన నూనె, నల్లటి పొడి దానికి అంటుకుని ఉంటాయి. వేడినీళ్లు, సబ్బుతో ఒక్కసారి బాగా తోమి, బియ్యం కడిగిన నీళ్లలో గానీ పలచటి గంజిలో గానీ రెండు రోజులు నానబెట్టాలి. నీళ్లు రోజూ మార్చాలి. తర్వాత పొయ్యి మీద తడి ఆర్చి, గుంతల్లోపల నువ్వుల నూనె గుడ్డతో రాసి, మళ్లీ ఆ నూనెను దాదాపు మొత్తం తుడిచేయాలి. ఇక్కడే తప్పు జరుగుతుంది. ఎక్కువ నూనె వదిలేస్తే అడుగున బంకలా గట్టిపడి, పొంగనం దానికే అతుక్కుంటుంది. పలచగా రాసి, సన్నగా పొగ వచ్చేదాకా కాచి, చల్లార్చి, ఇలా నాలుగైదు సార్లు చేయాలి. ఆ తర్వాత ఉల్లిపాయ ముక్కలు గుంతల్లో వేసి నల్లబడేదాకా వేయించి పారేయాలి. ‘ప్రీ సీజన్డ్’ (ముందే నూనె పట్టించింది) అని రాసున్న పెనానికి కూడా కనీసం రెండు సార్లు ఈ పని చేస్తే మేలు. మొదటి రెండు వాయిలు పిల్లలకు పెట్టొద్దు, బూడిద రంగు అంటుతుంది. పులిసిన పిండి సరిగ్గా పదును రాని ఇనుముకు తగిలితే ఆ రంగు వస్తుంది. నెలా రెండు నెలల్లో గుంతలు నల్లగా నిగనిగలాడతాయి, ఆ రంగు రావడం ఆగిపోతుంది.

ఇక నడిమి గుంత. వేడిని పక్కకు పంచడంలో ఇనుము అల్యూమినియం కంటే చాలా వెనక. మంట తగిలిన చోట కాలుతుంది, తగలని చోట ఆలస్యంగా వేడెక్కుతుంది. చిన్న పొయ్యి మీద పెడితే మంటంతా నడుమకే తగిలి, మధ్య పొంగనం మాడిపోతుంటే చుట్టూ ఉన్నవి తెల్లగానే ఉంటాయి. చాలామంది పిండిదో పెనానిదో తప్పనుకుంటారు కానీ తప్పు పొయ్యిది. పెద్ద బర్నరు మీద సిమ్‌కు కాస్త పైన పెట్టి, పిండి వేయకముందు ఏడెనిమిది నిమిషాలు నిదానంగా కాచండి. పెద్ద మంట పెట్టి రెండు నిమిషాల్లో వేడి చేయాలని చూడొద్దు. నీటి చుక్క వేస్తే చిటపటమని రెండు సెకన్లలో ఇగిరిపోతే వేడి సరిపోయినట్టు. చుక్క ముత్యంలా దొర్లితే ఎక్కువైనట్టు, అప్పుడు మంట ఆపి ఒక నిమిషం ఆగాలి. పిండి ముందు చుట్టూ ఆరు గుంతల్లో వేసి, చివర్లో నడుమ వేయాలి. తీసేటప్పుడు నడిమిదే ముందు తీయాలి. నిమిషానికోసారి పెనాన్ని పావు చుట్టు తిప్పితే అన్నీ ఒకే రంగులో వస్తాయి. ఇంత చేసినా నడిమిది ఒక రవ్వ ముదురుగానే ఉంటుంది. కరకరలాడేది కావాలనే పెద్దవాళ్లు ఇంటికొకరు ఉంటారు, అది వాళ్లకు.

అతుక్కోవడానికి నాకు కనిపించిన కారణాల్లో మొదటిది తొందర. అడుగు కాలితే పొంగనం తనంతట తానే గుంతను వదులుతుంది. మూత పెట్టి మూడు నిమిషాలు ఆగి, అంచున పుల్ల పెట్టి కదిపితే గిర్రున తిరగాలి. తిరగకపోతే గీకకుండా ఇంకో నలభై సెకన్లు వదిలేయండి. రెండో కారణం పలచటి పిండి. ఉల్లిపాయ, ఉప్పు కలిపిన పిండి అరగంట ఆగితే నీళ్లు వదిలి జారుడవుతుంది. అందుకే అవి ఏ వాయికావాయి, ఆ పూటకు కావలసినంత పిండిలోనే కలుపుకోవాలి. మొదటి వాయికి గుంతకు పావు చెంచా నూనె, తర్వాతి వాయిలకు నాలుగైదు చుక్కలు చాలు. వంకాయ తొడిమను నూనెలో ముంచి రాసే పాత పద్ధతి బ్రష్షు కంటే బాగా పనిచేస్తుంది, గుంత అడుగుదాకా వెళ్తుంది.

పిండి కొలత: మినప్పప్పు ఒక గ్లాసు, బియ్యం మూడు గ్లాసులు, గుప్పెడు అటుకులు, ఒక చెంచా మెంతులు. ఐదారు గంటలు నానబెట్టి రుబ్బి, ఎండాకాలం ఆరు గంటలు, చలికాలం పది గంటల పైన పులియనివ్వాలి. దోసె పిండి కంటే గట్టిగా, ఇడ్లీ పిండి కంటే ఒక చుట్టు పలచగా ఉండాలి. పిండి మరీ జారుగా ఉంటే గ్లాసు పిండికి పెద్ద చెంచాడు బొంబాయి రవ్వ కలిపి పది నిమిషాలు ఆగితే సరి. గుంతను ముప్పావు వంతే నింపాలి. అంటే 15 మిల్లీలీటర్ల పెద్ద చెంచాతో ఒక చెంచా, పైన ఇంకాస్త. అంచుదాకా నింపితే పక్క గుంతలోకి పొంగి, తిరగేసేటప్పుడు టోపీలా ఊడిపోతుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసు పిండికి పదకొండు దాకా వస్తాయి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి రెండు గ్లాసుల పిండి, మూడు వాయిలు, కాచడం కాక ఇరవై నిమిషాలు. పిల్లల వాయి ముందు వేసేసి, మిగతా పిండిలో పచ్చిమిర్చి కలుపుకుంటే గిన్నెలు మార్చే పని ఉండదు.

రెండో వైపుకు మూత వద్దు. మూత కింద చేరిన ఆవిరి చుక్కలై పడి, కరకరలాడాల్సిన పైపొర మెత్తబడుతుంది. మొదటి వైపు మూత తీసేటప్పుడు కూడా నీళ్లు గుంతల్లో పడకుండా పక్కకు వంచి తీయాలి.

పులిసిన పిండి లేని రోజు పెసరట్టు పిండితో చేయొచ్చు. పెసలు నాలుగు గంటలు నానితే చాలు. రాగిపిండి కలపాలంటే మూడు పాళ్ల దోసె పిండికి ఒక పాలు మించొద్దు, ఎక్కువైతే ఎండిపోయి గొంతుకు పట్టుకుంటుంది. రాగి రంగులో కాలిందీ లేనిదీ తెలియదు కాబట్టి పుల్ల గుచ్చి చూడాల్సిందే, తడి అంటకూడదు. మిగిలిన అన్నం ఒక గ్లాసు మెదిపి, అరగ్లాసు పెరుగు, మూడు పెద్ద చెంచాల శనగపిండి, తురిమిన కూర కలిపితే సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలకు తక్కువ పనితో టిఫిను. గుడ్డు అన్నిటికంటే మొండిది. రెండు గుడ్లు గిలకొట్టి సగం గుంతే నింపాలి, బాగా పొంగుతుంది. నూనె కూడా రెట్టింపు పడుతుంది.

తీపివి ఎప్పుడూ ఆఖరి వాయే. గోధుమపిండి గ్లాసు, బియ్యప్పిండి రెండు పెద్ద చెంచాలు, అరగ్లాసు నీళ్లలో కరిగించి వడకట్టిన ముప్పావు గ్లాసు బెల్లం, మెదిపిన అరటిపండు ఒకటి, యాలకుల పొడి. బెల్లం తొందరగా మాడుతుంది, మంట పూర్తిగా సిమ్‌లోనే ఉండాలి. ముందు తీపివి వేస్తే గుంతలో మిగిలిన పాకం తర్వాతి కారపు వాయిని పట్టేస్తుంది. రెండేళ్ల లోపు పిల్లలకు బెల్లం మానేసి రెండు అరటిపండ్లు వేయండి, ఆ తీపి చాలు.

పిల్లల భద్రత సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. పైన చల్లారినట్టున్నా లోపల ఆవిరి సెగ అలాగే ఉంటుంది. విరిచి, రెండు మూడు నిమిషాలు ఆరనిచ్చి పెట్టాలి. ఏడాది బిడ్డకు నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి. నాలుగేళ్ల లోపు వాళ్ల పొంగనాల్లో పల్లీలు, పచ్చికొబ్బరి ముక్కలు వేయొద్దు, గొంతులో అడ్డం పడతాయి. రెండు గంటలు కూడా నానని శనగపప్పు రాయిలా ఉంటుంది, అదీ వద్దు. కరివేపాకు సన్నగా తరగాలి. ఇక పెనం: పొయ్యి ఆర్పినా ఇరవై నిమిషాలకు పైగా చెయ్యి కాలేంత వేడి ఉంటుంది. చెవులు కూడా అంతే కాలతాయి. మేం దించము, పొయ్యి మీదే, గోడవైపు బర్నరు మీద చల్లారనిస్తాం. పిల్లలు సాయం చేస్తామంటే క్యారెట్టు, కొత్తిమీర పిండిలో కలిపే పని ఇవ్వండి. పుల్లతో తిప్పే పని మాత్రం ఇవ్వొద్దు.

బడి డబ్బాలో పెట్టాలంటే జాలీ మీద పది నిమిషాలు ఆరాకే మూత పెట్టాలి. వేడిగా మూసేస్తే మధ్యాహ్నానికి తడిసి ముద్దవుతాయి. కరకర ఎలాగూ పోతుంది, మెత్తగా తినడానికి మాత్రం బాగుంటాయి. ఎండల్లో కొబ్బరి చట్నీ పాడైపోతుంది, దాని బదులు నెయ్యి కలిపిన పప్పుల పొడి పెట్టండి. ఇంట్లో తినేటప్పుడు మాత్రం శెనక్కాయల ఊరుబిండి పచ్చడికి సాటి లేదు.

కడగడం సులువే. వేడినీళ్లు, కొబ్బరి పీచు చాలు. పీచు తిరగని అడుగులో రాళ్ల ఉప్పు వేసి రుద్దితే మాడు వస్తుంది. కాలుతున్న ఇనుము మీద చన్నీళ్లు పోయొద్దు, పగులుతుంది. కింద పడినా పగులుతుంది. కడిగాక పొయ్యి మీద రెండు నిమిషాలు ఆర్చి, చుక్క నూనె రాసి, మూతకూ పెనానికీ మధ్య కాగితం వేసి పెట్టాలి. వానాకాలంలో ఒక్క రాత్రి తడిగా వదిలినా ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. భయపడక్కర్లేదు, తోమి మళ్లీ రెండుసార్లు నూనె పట్టిస్తే పాతరూపు వస్తుంది. ఇండక్షన్ పొయ్యి వాళ్లు మాత్రం పెనాన్ని తిరగేసి చూసి కొనాలి. గుంతలు కిందికి పొడుచుకొచ్చిన రకం పలకకు సరిగ్గా ఆనదు, అడుగు చదునుగా ఉన్నదే కావాలి.

నాన్‌స్టిక్‌కు న్యాయం చేయాలి. అది మూడు నిమిషాల్లో వేడెక్కుతుంది, రెండు చుక్కల నూనెతో పని అయిపోతుంది, ఒక్క చేత్తో లేపొచ్చు, పన్నెండు ఒకేసారి వస్తాయి. కానీ రంగు ఎర్రగా వచ్చినా పైపొర పలచనే, ఇనుములో వచ్చే కరకర రాదు. ఖాళీగా కాచకూడదు. చెక్క పుల్లే వాడాలి. ఇంట్లో ఎవరో ఒకరు హడావుడిలో స్టీలు చెంచా పెట్టేస్తారు. రెండున్నరేళ్లకు గుంతల అంచుల్లో పూత లేచింది. లేచిన పూత మీద పిల్లలకు వండడం మాకు ఇష్టం లేకపోయింది, ఆ రోజే వంటింట్లోంచి తీసేశాం.

అది ఇప్పుడు పిల్లల బొమ్మల సామానులో ఉంది. పన్నెండు గుంతలు కాబట్టి నీటి రంగులకు ఇంతకంటే మంచి పళ్లెం లేదు, మామూలు రంగుల పళ్లెం కంటే బరువు గనక తిరగబడదు. ఉప్పు పిండితో అచ్చులు తీయడానికి ఇంకా బాగుంటుంది. మైదా రెండు గ్లాసులు, ఉప్పు ఒక గ్లాసు, చెంచాడు నూనె, ముప్పావు గ్లాసు నీళ్లు కొద్దికొద్దిగా పోసి చపాతీ పిండిలా కలపాలి. పసుపు కలిపితే పసుపు రంగు, ఆ పసుపు ముద్దకే చిటికెడు వంటసోడా కలిపితే ఎర్రటి ఛాయ. ఉప్పు చాలా ఎక్కువ కాబట్టి అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకూడదు. గుంతలో పొడిపిండి చల్లి, ముద్దను అరసెంటీమీటరు మందాన గిన్నెలా ఒత్తాలి. గుంత నిండా కూరితే లోపల ఆరక పగులుతుంది. ఒక రోజు ఎండలో పెట్టి విడదీసి, ఇంకో రెండు రోజులు తిప్పితిప్పి ఆర్చాలి. రెండు గిన్నెల అంచులు తడిచేసి అతికిస్తే సంక్రాంతి బొమ్మల కొలువుకు లడ్డూలు, బత్తాయిలు తయారు. పండగయ్యాక గాలి తగలని డబ్బాలో దాచాలి, తేమకు ఉప్పు చెమ్మగిల్లి మళ్లీ మెత్తబడిపోతాయి.