కలర్ రీలా, బ్లాక్ అండ్ వైట్ రీలా: కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

పాత ఎస్‌ఎల్‌ఆర్ ఫిల్మ్ కెమెరా చేతికి రాగానే వచ్చే సందేహం ఇదే. కోడాక్ గోల్డ్ 200 లాంటి కలర్ రీలు వేసి ల్యాబ్‌కి ఇవ్వాలా, ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ లాంటి బ్లాక్ అండ్ వైట్ వేసి ఇంట్లోనే కడుక్కోవాలా?

కలర్‌తో తలనొప్పి తక్కువ. వెలుగు ఒకటి రెండు స్టాప్‌లు (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపో, సగమో) ఎక్కువ పడినా నెగటివ్, అంటే వెలుగునీడలు తారుమారై ఫిల్మ్ మీద పడే బొమ్మ, తట్టుకుంటుంది. పిల్లల పుట్టినరోజుకో, పెళ్లికో అయితే రెండో ఆలోచన లేకుండా కలరే వెయ్యండి.

నేర్చుకోవడానికి మాత్రం ఆ సుఖమే అడ్డు. ల్యాబ్‌లో స్కాన్ చేసేటప్పుడు ప్రతి ఫ్రేమునూ సరిచేసేస్తారు. కాస్త తక్కువ వెలుగులో తీసిందీ, ఎక్కువ వెలుగులో తీసిందీ ఫోన్‌లో ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. ఇక ఎక్కడ తప్పామో తెలిసేదెలా? నెగటివ్‌లు వెనక్కి తెచ్చుకోకపోతే మరీ అన్యాయం.

ఇంట్లో కడిగి ఆరబెట్టిన బ్లాక్ అండ్ వైట్ రీలును కిటికీ దగ్గర ఎత్తిపట్టి చూడండి. ఫొటోలో నీడలు రావాల్సిన చోట నెగటివ్ ఏమీ లేకుండా ఖాళీగా ఉంటే వెలుగు చాలలేదన్నట్టే. అంచున ఉన్న ఫ్రేము నంబర్లూ చూడాలి. అవి ఫ్యాక్టరీలోనే వెలుగుతో వేసినవి, మన షట్టర్‌తో వాటికి పనిలేదు. నంబర్లు నల్లగా ఉండి బొమ్మ పలచబడితే లోపం తీయడంలో ఉంది. నంబర్లు కూడా పాలిపోతే కడగడంలో ఉంది. స్కాన్ చూసి ఈ తేడా పట్టుకోవడం కష్టం.

చిక్కు వేడితోనే. ఐడీ-11 అనే డెవలపర్‌లో (ఫిల్మ్ మీద బొమ్మను బయటికి తెచ్చే రసాయనం) అంతే నీళ్లు కలిపితే హెచ్‌పీ5కి 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. మే నెలలో మన కుళాయి నీళ్లు ఆ దరిదాపుల్లో ఉండవు. ఐస్ వేసిన బేసిన్‌లో డెవలపర్ సీసా పెట్టి చల్లార్చుకోవాలి. ఐస్ నేరుగా డెవలపర్‌లో వేస్తే పలచబడిపోతుంది. అయినా కలర్ కడగడంతో పోలిస్తే ఇదే నయం. కలర్ నెగటివ్‌లు కడిగే సీ-41 పద్ధతికి 37.8 డిగ్రీలు పట్టి ఉంచాలి, కాస్త అటూ ఇటూ అయినా రంగులు మారతాయి.

ఖర్చు మాటకొస్తే రెండూ ప్రియమే. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు ‘ఇందు’ పేరుతో రీళ్లు చేసేవారు. ఇప్పుడు దొరికేది ఎక్కువగా దిగుమతి సరుకే. ఇంట్లో కడిగితే రీలు రీలుకీ ల్యాబ్ డబ్బు మిగులుతుంది.

నా ఓటు బ్లాక్ అండ్ వైట్‌కే. మొదటి రీలులో ఒకే దృశ్యాన్ని సరిగ్గా ఒకసారి, స్టాప్ తగ్గించి ఒకసారి, రెండు స్టాప్‌లు పెంచి ఒకసారి తీసి, ఏ నంబరుకు ఏ షట్టర్ వేగమో, ఏ అపెర్చరో (లెన్స్ రంధ్రం సైజు) అప్పటికప్పుడు రాసుకోండి. అసలు ఫిల్మ్‌ని చీకట్లోనే ఎక్కించాలి కాబట్టి, కడిగే డబ్బాలోని స్పైరల్‌కి (ఫిల్మ్ చుట్టే చట్రం) ఎక్కించడం పాడైన రీలుతో ముందు వెలుతురులో, తర్వాత కళ్లు మూసుకుని అలవాటు చేసుకోండి.