ఫుల్‌స్క్రీన్‌ను కనిపెట్టే విండోఇన్‌సెట్స్‌కంపాట్: మూడేళ్లు వాడాక

అనంతపురంలో ఉండి డిగ్రీ పిల్లల కోసం వీడియో పాఠాల యాప్ ఒకటి నడుపుతున్నాను. ఫుల్‌స్క్రీన్ అయితే ప్లేయర్ బటన్లు దాచాలి, కాకపోతే చూపాలి. నేను మొదట్లో స్క్రీన్ కొలతలోంచి వ్యూ (తెర మీద యాప్ గీసే భాగం) కొలత తీసేసి, సున్నా వస్తే ఫుల్‌స్క్రీన్ అని రాశాను. నాచ్ (కెమెరా కోసం తెరలో వదిలిన గాడి) ఉన్న ఫోన్లలో కెమెరా దగ్గర నల్లపట్టీ మిగిలిపోయేది, సున్నా వచ్చేది కాదు. గుంతకల్లు కుర్రాడొకడు పరీక్ష ముందురోజు ఫోన్ చేసి, "అన్నా, బోర్డు మీద కింది లెక్క కనపడల్లేదు, బటన్లు అడ్డమొస్తాండాయి" అన్నాడు. ప్రాణం ఉసూరుమంది.

బార్లు దాగినా కనిపించినా యాప్‌కు కబురందించే పాత సిస్టమ్ యూఐ లిజనర్ 2020లో ఆండ్రాయిడ్ 11తోనే డెప్రికేట్ అయింది, అంటే ఇక వాడొద్దన్నారు. అందుకని ఆండ్రాయిడ్‌ఎక్స్ కోర్ లైబ్రరీలోని విండోఇన్‌సెట్స్‌కంపాట్‌కు మారాను. ఇన్‌సెట్స్ అంటే స్టేటస్ బార్, నావిగేషన్ బార్ లాంటివి తెరలో ఆక్రమించే చోటు లెక్కలు. లిజనర్ పెట్టి, స్టేటస్ బార్ కనిపిస్తోందా అని ఈజ్‌విజిబుల్ ఫంక్షన్‌ను అడగడమే. ఆండ్రాయిడ్ 15కి టార్గెట్ చేశాక యాప్ ఆ బార్ల కిందకూ పరుచుకుంది. నా పాత లెక్కయితే దాన్నీ ఫుల్‌స్క్రీన్ అనేది. ఇది మాత్రం సరిగ్గానే చెప్పింది.

స్క్రీన్ తయారయ్యేటప్పుడు నడిచే ఆన్‌క్రియేట్‌లోనే ఇన్‌సెట్స్ అడిగితే నల్ (ఖాళీ) వస్తుంది, వ్యూ అప్పటికి విండోకు అతకదు కాబట్టి.

నన్ను బాగా సతాయించింది వేరే ఉంది. ఆండ్రాయిడ్ 10, అంతకన్నా పాతవాటిలో ఒక వ్యూ ఇన్‌సెట్స్‌ను కన్స్యూమ్ చేస్తే (తనే వాడేసుకుంటే) పక్క వ్యూకు కూడా అందవు. నా పాఠాల జాబితా వాటిని మింగేస్తుంటే ప్లేయర్‌కు కబురే చేరేది కాదు. సప్తగిరి సర్కిల్ దగ్గర ఆండ్రాయిడ్ 9 ఫోన్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని, రెండు రాత్రులు లాగ్‌లు చూస్తే గానీ దొరకలేదు. జాబితా లిజనర్‌లో కన్స్యూమ్డ్ తీసేసి, వచ్చిన ఇన్‌సెట్స్‌నే తిరిగిచ్చాను. అంతే, ప్లేయర్ దారికొచ్చింది.

అంచు నుంచి వేలితో లాగితే కాసేపు కనిపించి పోయే బార్లుంటాయి కదా, వాటి గురించి విండోఇన్‌సెట్స్‌కంపాట్ యాప్‌కు చెప్పదు. మొదట లోపమనుకున్నాను. ఇప్పుడు ఇదే మంచిదంటాను. టైమ్ చూసుకోవడానికి వేలు లాగినంత మాత్రాన బోర్డు మీదికి బటన్లు ఎందుకు రావాలి?

స్ప్లిట్ స్క్రీన్ సంగతి మాత్రం దీన్ని అడిగి లాభం లేదు. పైన పాఠం, కింద నోట్స్ పెట్టుకునే పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం ఆండ్రాయిడ్ 7 నుంచీ ఉన్న ఈజ్‌ఇన్‌మల్టీవిండోమోడ్‌ను విడిగా అడుగుతున్నాను.