దాల్చిన చెక్కా, రాతి పువ్వా: ఏది మేలు?

మా మరదలు కొత్తగా కాపురం పెట్టింది. మొన్న బేగంబజార్‌లో మసాలా కొట్టు ముందు నిలబడి, "వదినా, బగారా అన్నంలోకి దాల్చిన చెక్క తీసుకోనా, రాతి పువ్వు తీసుకోనా? రెండూ వాసనకేగా!" అంది.

వాసనకే. కానీ ఒకటి చెట్టు బెరడు, ఇంకొకటి లైకెన్. రాతి పువ్వుకు పేరులోనే పువ్వు ఉంది గానీ, నిజానికి అది ఒక శిలీంధ్రం, ఒక నాచు కలిసి చేసే కాపురం. నాచు ఎండలో తిండి తయారుచేస్తుంది, శిలీంధ్రం దానికి గూడు కడుతుంది. కొండ అడవుల్లో రాళ్ల మీదా, చెట్ల మీదా పెరుగుతుంది.

చిటికెడు తీసి మరదలి అరచేతిలో పెట్టాను. ఒకవైపు బూడిద రంగు, తిప్పితే నలుపు, అంచులన్నీ ముడతలు. ముక్కు దగ్గర పెట్టుకుని "ఏ వాసనా లేదు వదినా" అంది. ఊరికే చూస్తే ఉండదు. కాగిన నెయ్యిలో పడ్డాకే మట్టి, పొగ కలిసినట్టు, కట్టెల పొయ్యి మీద వండినట్టు గుప్పుమంటుంది. నిహారీ అనే మాంసం పులుసులో వేసే మసాలా మూట, అదే పోట్లీలోకి నేనైతే అది లేకుండా ఒప్పుకోను.

రోజువారీ వంటకు మాత్రం దాల్చిన చెక్కే మేలు. బగారాలోకీ, చాయ్‌లోకీ, కూర్మాలోకీ పనికొస్తుంది. పైగా శ్రీలంక నుంచి వచ్చిన ఆ చెట్టును మొదలు దగ్గర నరికినా మళ్లీ చిగుళ్లు వేస్తుంది, సుమారు 2 ఏళ్లకు మళ్లీ కోతకొస్తుంది. రాతి పువ్వు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. దాన్ని తోటల్లో వేసి పెంచరు, అడవిలో గీకి తేవాల్సిందే. వేర్లు లేవు కాబట్టి గాలీ వానా ఏది తెస్తే అది పీల్చుకుంటుంది, సీసం లాంటి లోహాలతో సహా. అందుకే నేను చిటికెడుకు మించి వేయను.

దాల్చిన చెక్కలోనూ చూసి కొనాలి. మందంగా, గట్టిగా, ఒకే చుట్టగా ఉంటే అది కాసియా, అంటే దాల్చిన చెక్క జాతిలోనే వేరే చెట్టు బెరడు. అందులో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, అతిగా తింటే కాలేయానికి మంచిది కాదు. అసలుదైతే పల్చటి పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉంటాయి, వేళ్లతో నొక్కితే పొడి రాలుతుంది.

చివరికి చెక్క 100 గ్రాములు, రాతి పువ్వు 25 గ్రాములు తూయించాం. ఇంటికొచ్చి పళ్లెంలో పోస్తే రాతి పువ్వుకు అంటుకుని ఏదో చెట్టు బెరడు ముక్కలు వచ్చాయి. వాటిని ఏరేసి, రెండుసార్లు నీళ్లలో జాడించి, నీడన ఆరబెట్టమన్నాను.