చెరకు పక్కన గొడ్డు బతుకు: జమైకా మేలా, బ్రెజిల్ మేలా?

వలసపాలన నాటి తోటల మాట వస్తే నన్ను అందరూ అడిగేది ఇదే: చెరకు పెరిగినచోట పశుపోషణ చితికిందా, బాగుపడిందా? గానుగ తిప్పడానికీ, బండి లాగడానికీ, పొలానికి పెంటకీ చెరకుకు గొడ్డే దిక్కు. ఆ గొడ్డు మేసే బీడును మింగేదీ చెరకే.

బార్బడోస్‌లో చర్చకేమీ లేదు. 430 చదరపు కిలోమీటర్ల కరీబియన్ దీవి, 1640ల నుంచి చెరకు కమ్మేసింది. గానుగలకు గాలిమరలు వచ్చాయి. గొడ్లను కట్టేసి పెంట కోసం మేపారు. ఆ పెంటను గంపలకెత్తి నెత్తిన మోసినవాళ్లు బానిసలు.

జమైకాలో నేలకు కొదవ లేదు. 1655లో ఇంగ్లీషువాళ్లు ఆ దీవిని స్పెయిన్ నుంచి లాక్కున్నాక సెయింట్ ఎలిజబెత్, సెయింట్ ఆన్ వంటి చోట్ల ‘పెన్’లు, అంటే పశువుల ఎస్టేట్లు, వెలిశాయి. మన రైతులు ఇవాళ వేసే గినీ గడ్డే 18వ శతాబ్దంలో అక్కడి మందల్ని మేపింది. ఎడ్లు, కంచరగాడిదలు బాగా అమ్ముడుపోయాయి. కానీ ప్రధానంగా కొనేది చెరకు ఎస్టేట్లే. 1838లో బానిసత్వం ముగిసింది, 1846 చట్టంతో బ్రిటన్‌లో వలసల చక్కెరకున్న సుంకం రాయితీ పోయే దారి పడింది. ఎస్టేట్లు మూతపడ్డ కొద్దీ పెన్‌ల బేరమూ పడింది.

బ్రెజిల్‌లో చెరకు గొడ్లను గెంటేసింది. తీరం నుంచి పది లీగుల (సుమారు 60 కిలోమీటర్ల) లోపల మందలు పెంచరాదని 1701లో పోర్చుగల్ రాజు ఆజ్ఞ. మందలు సావో ఫ్రాన్సిస్కో నది వెంట సెర్తావో అనే లోనాడు మెట్టల్లోకి వెళ్లాయి. అది మూలవాసుల్ని చంపి, తరిమి ఆక్రమించిన నేల. ఆ పాపాన్ని ఏ లాభమూ కడగలేదు. అయినా అక్కడ గొడ్డు చెరకు ఒక్కదాని మీదే బతకలేదు. మాంసం బంగారు గనులకు పోయింది. తీరాన ఉన్న బహియా ప్రాంతపు పొగాకును తోలులో చుట్టి ఓడలకెక్కించారు.

నా దృష్టిలో తూకం తేల్చేది మాత్రం కాపరి వాటా. జమైకా పెన్‌లో మందను కాసింది బానిస. పుట్టిన దూడల్లో అతనికి హక్కుగా ఏమీ రాదు. సెర్తావోలోనూ బానిస కాపరులున్నారు. కానీ స్వేచ్ఛగా ఉన్న కాపరికి నాలుగు దూడలకు ఒకటి చొప్పున వాటా ఉండేది, మన ఊళ్లలో గొడ్డును పాలికి ఇచ్చినట్టే. నాలుగైదేళ్లు కాశాక లెక్క చూసి పంచేవారు. ఆ దూడలతోనే కొందరు సొంత మంద కట్టుకున్నారు. అందుకే నా ఓటు బ్రెజిల్‌కి.