పుంజా, బాతుల మందా, రొయ్యల చెరువా: ఫీల్డ్‌వర్క్‌కి ఏది మేలు?

ఆంత్రోపాలజీ పీజీ పిల్లలు ఏటా అడిగే ప్రశ్నే ఇది. మనిషికీ మరో ప్రాణికీ ఉన్న సంబంధం మీద డిజర్టేషన్ రాయాలి, ఊరు కోనసీమలోనో భీమవరం పక్కనో ఉంది, ఏ జంతువుని పట్టుకోమంటారు? చాలామంది కోడిపందేలని ముందే ఖాయం చేసుకుని, మన చేత ఊఁ అనిపించుకోడానికే వస్తారు.

పుంజు దగ్గర సమాచారానికి కొదవ లేదు. ఈకల రంగుని బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల. ఏ రోజు ఏ రంగుది గెలుపో చెప్పే కుక్కుట శాస్త్రం. ఈత కొట్టించడం, వేణ్ణీళ్ల కాపడం, బాదంపప్పు, కీమా. చిక్కల్లా మాట పరువు మీదకీ పందెం డబ్బు మీదకీ మళ్లిపోవడమే. ఆంత్రోపాలజిస్టు క్లిఫర్డ్ గీర్ట్జ్ 1972లో ఇండోనేషియాలోని బాలి దీవి కోడిపందేల గురించి రాసింది కూడా ఈ సంగతే: బరిలో తలపడేది పైకి కోళ్లు, లోపల మనుషులు. గొప్ప వ్యాసమే, కాదనను. కానీ ఆ బాటన వెళ్తే మనుషుల హోదా బాగా తెలుస్తుంది, కోడి మాత్రం పక్కకి జరిగిపోతుంది. పైగా 1960 జంతుహింస నిరోధక చట్టం, జూదాన్ని ఆపే 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం రెండూ పందేలకి అడ్డే. పేరు, ఫోన్ నంబరు, పందెం మొత్తం ఒకే నోట్‌బుక్‌లో పక్కపక్కన రాశారంటే, మీకు అన్నం పెట్టిన ఇంటి మీదకే కేసు తెచ్చినట్టు. పుంజే కావాలంటే బరి వదిలేసి మేపే మకాంలో కూర్చోండి. కనుమ అయ్యాక కూడా వెళ్లండి: గాయానికి కుట్లు వేసిందెవరు, చచ్చిన పుంజు ఎవరింటి కూరైంది అన్నది అప్పుడే తెలుస్తుంది.

నా ఓటు చేను చేనుకీ తిరుగుతూ మేసే బాతుల మందకి. ఇక్కడ మనిషి రోజుని నడిపేది బాతు, ఆ నడపడం కంటికి కనబడుతుంది. ఎంపికలో నేను చూసేది ముందుగా ఇదే. బాతు గుడ్డు పెట్టేది తెల్లవారుజామున, పొద్దెక్కేలోపు. అందుకే ఎదురుగా ఎంత మంచి చేనున్నా రాత్రి మందని ఉంచిన వల దడి తీయరు. తొందరపడి వదిలితే గుడ్లు గట్ల మీదా బోదెల్లోనూ పడిపోతాయి. ఏరి ట్రేలకెత్తాకే మంద చేలో దిగుతుంది: కోతలో రాలిన గింజ, నత్త, పురుగు. కాపరి ముందు నడవడు. పక్కన నిలబడి, చివర ప్లాస్టిక్ కవరు కట్టిన పొడుగు కర్ర చాపి మలుపుతాడు.

ఇక చేను. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు నవంబరు, డిసెంబరుల్లో. దాళ్వా (రబీ వరి) నాట్లకి నీళ్లు పెట్టేలోపు మందకి దొరికేవి కొద్ది వారాలే. మినుము చల్లిన చేలోకి అడుగు పెట్టనివ్వరు. దాళ్వా కోతలయ్యాక చేలు ఖాళీయే గానీ కాలువలు కట్టేస్తారు, మేత ఉన్నచోట నీళ్లుండవు. అంటే మంద దారి గీస్తే ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకి నీళ్లొదిలే క్యాలెండర్ దానంతటదే పటంలోకి వచ్చేస్తుంది. దిగనిచ్చినందుకు రైతు డబ్బు అడిగాడా, గుడ్లు అడిగాడా, రాత్రి మంద కడితే పడే ఎరువు చాలన్నాడా అన్నది చేను చేనుకీ అడిగి రాసుకోండి.

జంతువుల నడవడి గమనించే పద్ధతులని జంతు ప్రవర్తన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఒక దారిన పెట్టారు. వాటిలో ఒక్క జంతువునే వెంబడించే పద్ధతి ఇక్కడ కుదరదు, వందల్లో ఒకదాన్ని మళ్లీ గుర్తుపట్టలేం. పది నిమిషాలకోసారి మందంతా ఒక చూపు చూసి రాయాలి. పేజీ నిలువునా మూడు గళ్లు: ఎడమన బాతులు, కుడిన కాపరి, మధ్యలో ‘ముందు కదిలింది ఎవరు’. ఆ మధ్య గడి లేకపోతే ప్రతిసారీ ‘కాపరి మందని తోలాడు’ అనే రాసేస్తాం. బాతులే ముందు నీళ్లవైపు తిరిగితే, అతను వెనక వెళ్లి కర్ర చాపిన సందర్భాలన్నీ మాయమైపోతాయి.

మొదటి రెండు రోజులూ దడికి ఎడంగా ఉండండి. కొత్త మనిషిని చూసి మంద ఒక మూలకి తొక్కుకుంటే గుడ్లు పగులుతాయి, ఆ తర్వాత మీతో ఎవరూ మాట్లాడరు. పురుగుమందు గుళికలు చల్లిన మడి నీళ్లు పక్క చేలోకి దిగితే బాతులు చచ్చిపోతాయి. అలాంటి తగువు జరిగినప్పుడు ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పనని ముందే అనేయాలి.

రొయ్యల చెరువుది రెండో స్థానం. ఇప్పుడు చెరువుల్లో పెంచే వనామీ రొయ్య పసిఫిక్ అవతలి తీరపు జీవి, మన దేశంలో దీనికి అనుమతి 2009లో వచ్చింది. రైతు దాన్ని చూసేది మేత వేసి చెరువులోకి దించిన చెక్ ట్రే ఎత్తినప్పుడే: మేత మిగిలిందా, పేగు నిండు గీతలా ఉందా, మధ్యలో తెగిందా. అమావాస్య, పౌర్ణములకి మౌల్టింగ్ (పెంకు విడవడం) అని మేత తగ్గిస్తాడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కనక నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ చప్పుడు ఆగితే చాలు, నిద్రలోంచి లేచిపోతాడు. రాయడానికి బ్రహ్మాండమైన సరుకే, కానీ మీరు గమనించేది రైతు చూపుని, రొయ్యని కాదు. వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు భయం ఉంటుంది కాబట్టి ఒక గట్టు మీద నడిచిన కాళ్లతో అదే రోజు ఇంకో చెరువుకి వెళ్లకండి.

మిగతావి క్లుప్తంగా. గేదెలైతే ఇంట్లో ఆడవాళ్ల చాకిరీ రాయడానికి పనికొస్తాయి. పులస వరద నెలలదే, అందులోనూ ధర కబుర్లే ఎక్కువ. కోరింగ మడ అడవుల్లో బావురుపిల్లికి అటవీశాఖ అనుమతి కావాలి, కనబడేది రాత్రి కెమెరాకి. ఒక్క సెమిస్టరులో తేలే పని కాదండీ.

ఒక్క సందర్భంలో మాత్రం బాతులని నేనే వద్దంటాను. ఫీల్డ్‌వర్క్ జులై, ఆగస్టుల్లో పడితే చేలన్నీ నాట్లతో నిండి ఉంటాయి, మంద కోసం వెతుక్కోడానికే టైమంతా పోతుంది. అప్పుడు చెరువే పట్టుకోండి. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన నాటి నుంచి పట్టుబడి దాకా వంద, నూట ఇరవై రోజులు, సెమిస్టరుకి సరిగ్గా సరిపోతుంది.