తేలినీలాపురం, తేలుకుంచి: ఏ దుర్భిణి, ఎక్కడ బస

చెరువుగట్ల వెంట తుపాకీ పట్టుకుని బాతుల కోసం, పావురాల కోసం తిరిగే కాలం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనూ, దానికి 1991లో చేసిన సవరణతోనూ చెల్లిపోయింది కనుక, శ్రీకాకుళం జిల్లాకు పక్షుల కోసం వెళ్ళేవారు ఎంచుకోవలసింది ఇక దుర్భిణినే. వేటగాళ్ళు తుపాకీ కొనేటప్పుడు వేసే ప్రశ్నలు మాత్రం దీనికీ సరిపోతాయి: పూటంతా మెడకు వేలాడితే బరువెంత, మంచులో తడిస్తే ఏమవుతుంది, తెల్లవారుజాము మసకలో పనికొస్తుందా? ఈ మూడింటిలో చివరిదే బసను కూడా నిర్ణయిస్తుందని ఈ యాత్రలో నాకు గట్టిగా అనిపించింది.

టెక్కలి మండలంలోని తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి, ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకుని వేసవి ముదిరే లోపల వెళ్ళిపోతాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఆటో ఎక్కిన దగ్గరనుంచి అందరూ చెబుతారు గాని, ఈ రెండూ మన ఉపఖండపు పక్షులే. నీటినీ చేపలనూ బట్టి తావులు మారుతుంటాయి. అటవీ శాఖ వారి కేంద్రంలోని నమూనాలను తిరుగు దారిలో చూసినా సరిపోతుంది. ముందుగా వాచ్ టవర్ దగ్గరకు చేరడం మేలు, ఎందుకంటే పెద్ద పక్షులు మేతకు లేచిపోయేది పొద్దు పొడిచిన కాసేపటికే.

నా వెంట ఉన్నవి రెండు దుర్భిణులు, ఒకటి 8x42, మరొకటి మిత్రుని 10x42. మొదటి సంఖ్య ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది, రెండోది ముందరి అద్దం వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతుంది. 42ను 8తో భాగిస్తే 5.25, 10తో భాగిస్తే 4.2, కంటికి చేరే వెలుగుకడ్డీ వెడల్పు అదే. పగటిపూట ఈ తేడా తెలియదు. చింతకొమ్మల్లో ఇంకా చీకటి వీడని వేళ మాత్రం, తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి చేప లాక్కుంటున్న గూడబాతు పిల్ల 8x42లో స్పష్టంగా కనిపించింది, తల్లి ముక్కు అంచున వరుసగా ఉన్న నల్లని చుక్కలతో సహా. రెండో దానిలో అదంతా బూడిదరంగు ముద్దగానే ఉంది. కళ్ళద్దాలు పెట్టుకునేవారు కొనేముందు కంటికి ఆనే కప్పును కిందికి దించి, చూపు వృత్తమంతా కనిపిస్తున్నదో లేదో దుకాణంలోనే చూసుకోవాలి. నత్రజని నింపి మూసిన రకమైతే మంచుకు లోపలి అద్దాలు మసకబారవు.

నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర లెక్క ఇంకాస్త తేలిపోయింది. పదిగంటలు దాటాక నేల మీది వేడిగాలికి దూరపు పక్షులన్నీ వణుకుతూ కనిపిస్తాయి. పది రెట్లు పెంచితే ఆ వణుకు కూడా పది రెట్లవుతుంది. అందువల్ల అక్కడికి ఖరీదైన స్కోపు (ముక్కాలి మీద నిలిపి ఒంటికంటితో చూసే దూరదర్శిని) మోసుకుపోవడం కంటే ఓ గంట ముందు చేరడమే ఎక్కువ ఫలితమిస్తుంది.

బస సంగతికి వస్తే, శ్రీకాకుళం పట్టణంలో గదులు శుభ్రంగా, భోజనం రుచిగా ఉంటాయి, కానీ అక్కడి నుంచి టెక్కలికే సుమారు 50 కిలోమీటర్లు. రాత్రి పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేవగలిగినవారికి తప్ప అది కుదిరే పని కాదు. టెక్కలిలో దిగిన లాడ్జిలో దుప్పటి మార్చమని రెండుసార్లు అడగవలసి వచ్చింది, వేడినీళ్ళు ఇస్తామన్న మాట మాటగానే మిగిలింది; అయినా అక్కడే మళ్ళీ దిగుతాను, ఎందుకంటే తెల్లవారకముందే వచ్చే ఆటోను కౌంటరులోని కుర్రవాడే ముందురాత్రి మాట్లాడిపెట్టాడు. ఆటోకు రానూపోనూ, అక్కడ ఆగే సమయంతో కలిపి బేరం చేసుకోవాలి. ఒకవైపుకే మాట్లాడుకుంటే తిరుగు దారిలో బండి దొరకదు. రైలులో వచ్చేవారికి ఎక్స్‌ప్రెస్‌లు ఆగే పలాస అనుకూలం, పైగా జీడిపప్పు కొనుక్కోవచ్చు.

పావురాల కోసం వేరే యాత్ర అక్కర్లేదు. దారిలో పండ్లు కాసిన మర్రిచెట్టు కనిపిస్తే ఆగి చూడండి. పసుపుకాళ్ళ పచ్చ పావురాలు ఆకుల్లో కలిసిపోయి, కొమ్మ కదిలినప్పుడే బయటపడతాయి. ఇక్కడ కూడా చూపు పరిధి వెడల్పుగా ఉండే ఎనిమిది రెట్లదే గెలిచింది, పది రెట్లదానిలో పిట్టను వెతికేలోపే అది మరో కొమ్మకు మారిపోతున్నది.

ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచికి దుర్భిణి లేకుండా వెళ్ళినా నష్టం లేదు. వానలతో వచ్చే నత్తగుల్ల కొంగలు ఇళ్ళ మధ్య చెట్ల మీదనే గూళ్ళు పెడతాయి. పెద్దవాటి ముక్కు మధ్యలో సందు ఉంటుంది, పిల్లలకు అది ఇంకా ఏర్పడదు. ఆ తేడా వీధి అరుగు మీద కూర్చుని పోల్చుకోవచ్చు. రెట్టల వాసన ఘాటుగానే ఉంటుంది, తలకు టోపీ తప్పనిసరి. ఊరివారు చెట్ల జోలికి ఎవరినీ పోనివ్వరు, రాళ్ళు విసిరే పిల్లలను వారే అదిలిస్తారు. ఇచ్ఛాపురంలో బస వెతకడం కంటే పలాసలో దిగి ఉదయం బస్సుకు రావడం సుఖం. ఒకే యాత్రలో రెండు ఊళ్ళూ చూడాలనుకునేవారు అక్టోబరు రెండో సగాన్ని ఎంచుకోవాలి, బయలుదేరేముందు తుపాను హెచ్చరికలు చూసుకుని. 2018లో తిత్లీ విరుచుకుపడింది ఆ నెలలోనే.